త్రాసును గీటురాయియు: వస్తువుల నెన్నుకొను విధానముల చరిత్ర

సంతలో వంకాయలు కొనువాడు ఒక్కొక్క కాయను చేతితో నొక్కి, తొడిమను చూచి, పుచ్చు లేదని తెలిసిన పిమ్మటనే సంచిలో వేసికొనును. ఆ మనుష్యుడే ఉప్పు పొట్లము కొనునపుడు దానిని త్రిప్పియైనను చూడడు. ఇంటిలో అలవాటైన పేరు చెప్పి తెచ్చుకొనును. బంగారము కొనునపుడు మరల వేఱొక పద్ధతి. అచ్చట తన కన్నును తాను నమ్మడు. ముద్ర యున్నదా లేదా యని యడుగును. ఒకే మనుష్యుడు ఒకే దినమున మూడు విధముల నెన్నుకొనుచున్నాడు. ఇందులో ఏది వివేకము, ఏది అవివేకము?

ప్రశ్న చిన్నదే. కాని దీనికి సమాధానమును వెదకుచు తత్త్వవేత్తలు, అర్థశాస్త్రజ్ఞులు, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దములకు పైగా శ్రమించిరి. వారి యాలోచనలు రెండు పనిముట్ల చుట్టు తిరిగినవని చెప్పవచ్చును. మొదటిది త్రాసు. వస్తువుయొక్క గుణములన్నిటిని తూచి, కూడి, ఎక్కువ తూగిన దానిని తీసికొనుట త్రాసు పద్ధతి. రెండవది గీటురాయి. కంసాలి నల్లని రాతిపై బంగారముతో ఒక గీత గీసి, దాని రంగును చూచి మేలిమిని చెప్పును. అట్లే ఒకటి రెండు గుర్తులను మాత్రము చూచి తేల్చుకొనుట గీటురాయి పద్ధతి. త్రాసు మాత్రమే శాస్త్రసమ్మతమనియు, గీటురాయి సోమరుల మార్గమనియు పండితులు చాల కాలము తలచిరి. 20 వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ తలంపు మారినది. అది ఎట్లు మారినదో, ఆ మార్పు కొనువారికి నేర్పు పాఠమేమో తెలిసికొందము.

ఫ్రాంక్లిన్ బీజగణితము

త్రాసు పద్ధతిని విశదముగా వర్ణించిన పాత వ్రాతలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక ఉత్తరము. దానిని 1772 వ సంవత్సరము సెప్టెంబరు 19 వ తేదీన లండను నగరమునుండి బెంజమిన్ ఫ్రాంక్లిన్ వ్రాసెను. మెఱుపును గూర్చి, విద్యుత్తును గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞుడుగా విద్యార్థులు ఇతని నెఱుగుదురు. ఉత్తరము నందుకొన్నవాడు జోసెఫ్ ప్రీస్ట్లీ. ఆ కాలమున ప్రీస్ట్లీ లీడ్స్ పట్టణమున మతబోధకుడుగా నుండెను. షెల్బర్న్ ప్రభువు అతనిని తన కొలువునకు రమ్మని పిలిచెను. పోవుటయా, ఉన్నచోటనే యుండుటయా? ఏమియు తోచక ప్రీస్ట్లీ మిత్రుని సలహా కోరెను.

ఫ్రాంక్లిన్ పొమ్మనియు చెప్పలేదు, వలదనియు చెప్పలేదు. ఎట్లు నిశ్చయించుకొనవలెనో మాత్రము చెప్పెను. ఒక కాగితమును గీతతో రెండు భాగములుగా చేసి, ఒక వైపున అనుకూల కారణములను, రెండవ వైపున ప్రతికూల కారణములను మూడు నాలుగు దినములపాటు తోచినపుడెల్ల వ్రాసికొనవలెను. పిదప ఒక్కొక్క కారణమునకు ఎంత బరువున్నదో యోచించి, ఇరువైపుల సమానమైన బరువు గలవానిని కొట్టివేయవలెను. ఒక అనుకూల కారణము రెండు ప్రతికూల కారణములకు సమానమని తోచినచో ఆ మూడింటిని కొట్టివేయవలెను. ఇట్లు చేయగా చివరకు ఏ వైపున బరువు మిగులునో అదియే నిర్ణయము. కారణములన్నియు ఒకే సమయమున మనస్సునకు తట్టకపోవుటయే సంశయమునకు మూలమనియు, కాగితముపై పెట్టినచో అన్నిటిని ఒక్కసారిగా చూడవచ్చుననియు అతని యభిప్రాయము. ఈ పద్ధతికి అతడు నైతిక బీజగణితమని పేరు పెట్టెను. అయితే బీజగణితమునందలి రాశులవలె కారణముల బరువును ఖచ్చితముగా కొలువలేమని గూడ అతడే యొప్పుకొనెను.

ప్రీస్ట్లీ 1773 లో ఆ కొలువులో చేరెను. మఱుసటి సంవత్సరము ఆగస్టు 1 వ తేదీన, ఆ ప్రభువు ఆశ్రయముననే యుండి, ఎఱ్ఱని పాదరస భస్మమును సూర్యకిరణములతో వేడిచేసి, నేడు మనము ఆక్సిజను అనుచున్న వాయువును వెలువరించెను.

వస్తువు కాదు, గుణములు

సుఖదుఃఖములకు లెక్క కట్టవచ్చునని 1789 లో జెరెమీ బెంథామ్ వ్రాసెను. 1871 లో స్టాన్లీ జెవాన్స్ ఆ భావమును గణితమునకు తెచ్చి అర్థశాస్త్రమునకు క్రొత్తరూప మిచ్చెను. ఆనాటినుండి అర్థశాస్త్ర గ్రంథములలో కనబడు కొనుగోలుదారుడు గొప్ప గణకుడు. తన కోరికలన్నియు అతనికి తెలియును. అంగడిలోని ధరలన్నియు తెలియును. తన ధనమును పైస తప్పకుండ మిక్కిలి తృప్తి కలుగునట్లు పంచుకొనును.

కాని ఈ లెక్కలలో ఒక లోపముండెను. సైకిలు సైకిలే, గొడుగు గొడుగే. ఒక గొడుగునకును మఱియొక గొడుగునకును భేదమేమి యను ప్రశ్నకు అందు చోటు లేదు. ఈ లోపమును పూరింప బూనినవాడు ఆస్ట్రేలియాలో జన్మించిన కెల్విన్ లాంకాస్టర్. మనుష్యునకు కావలసినది వస్తువు గాదు, వస్తువునందలి గుణములని 1966 లో అతడు ప్రతిపాదించెను. గొడుగు కొనువానికి నిజముగా కావలసినది వాననుండి రక్షణ, మోయుటకు తేలిక, గాలికి తిరుగబడని గట్టిదనము. వస్తువనగా ఇట్టి గుణముల మూట యన్నమాట. 1971 లో పాల్ గ్రీన్, విఠల రావు అను పరిశోధకులు ఈ గుణముల బరువులను కొలుచుటకు ఒక గణిత పద్ధతిని విపణి పరిశోధనలోనికి తెచ్చిరి. ధర ముఖ్యమా, గట్టిదనము ముఖ్యమా యని వారు జనులను సూటిగా నడుగరు. వేర్వేఱు గుణములు గల ఊహా వస్తువులను ఇష్టానుసారముగా వరుసలో పెట్టుమని కోరి, ఆ వరుసనుండి ఒక్కొక్క గుణమునకు జనులిచ్చుచున్న బరువును గణింతురు. ఫ్రాంక్లిన్ కొలువలేమన్న బరువులకు ఇట్లు కొలత యేర్పడినది.

ఒక చిన్న లెక్క

త్రాసు ఎట్లు పనిచేయునో ఒక ఊహా లెక్కతో చూతము. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చేయింపవచ్చును. ఒక విద్యార్థికి సైకిలు కావలెను. అంగడిలో క, ఖ, గ అను మూడు సైకిళ్లున్నవి. అతడు చూచు గుణములు నాలుగు: గట్టిదనము, చౌక, మరమ్మతు సౌకర్యము, తేలిక. ఈ గుణములకు వరుసగా 4, 3, 2, 1 బరువులిచ్చెననుకొందము. ఒక్కొక్క గుణమునకు పదింట మార్కులు ఇట్లున్నవి.

క సైకిలు: 9, 4, 5, 4.
ఖ సైకిలు: 7, 7, 8, 6.
గ సైకిలు: 5, 9, 6, 9.

మార్కులను బరువులతో గుణించి కూడినచో క కు 62, ఖ కు 71, గ కు 68 వచ్చును. కావున త్రాసు పద్ధతిని ఖ సైకిలు తీసికొనవలెను. ఒక గుణమున తగ్గినను వేఱొక గుణమున హెచ్చుట వలన ఆ లోటు పూడును. ఇది త్రాసుయొక్క ప్రత్యేక లక్షణము.

ఇప్పుడు అదే విద్యార్థి వేఱు పద్ధతుల నవలంబించినచో నేమగును? అన్నిటికంటె ముఖ్యమైన గుణమును మాత్రము చూచి, అందు సమానమైనచో రెండవ గుణమును చూచుట ఒక పద్ధతి. నిఘంటువులో మాటలను మొదటి యక్షరమునుబట్టి, అది సమానమైనచో రెండవ యక్షరమునుబట్టి వరుస పెట్టినట్లే. కావున దీనిని నిఘంటు పద్ధతి యనవచ్చును. గట్టిదనమున క ప్రథమము. కావున క సైకిలు వచ్చును. మఱియొక పద్ధతిలో బరువుల జోలికి పోక మార్కులను ఊరక కూడుదురు. అపుడు క కు 22, ఖ కు 28, గ కు 29. కావున గ సైకిలు వచ్చును. మూడు పద్ధతులకు మూడు సైకిళ్లు!

ఇంకొక లెక్క గూడ చేయవలసియున్నది. త్రాసు పద్ధతికి 12 మార్కులను చదువవలెను. 12 గుణకారములు, 9 సంకలనములు, 2 పోలికలు చేయవలెను. నిఘంటు పద్ధతికి 3 మార్కులను చదివి, 2 పోలికలు చేసిన చాలును. పది గుణములు, ఇరువది సైకిళ్లు ఉన్నచో త్రాసు పద్ధతికి 200 గుణకారములు కావలెను. అంగడిలో నిలుచుండి ఈ పని చేయువాడెవడు?

త్రాసు మోయలేని బరువు

ఈ ప్రశ్ననే శాస్త్రముగా మార్చినవాడు హెర్బర్ట్ సైమన్ (1916–2001). 1935 లో, విద్యార్థిగా నున్నపుడే, అతడు తన స్వస్థలమైన మిల్వాకీ నగరమున ఆటస్థలముల పరిపాలనను పరిశీలించెను. ఆటస్థలములను బాగుచేయుటకు ఎంత ధనము, ఆటలు నేర్పువారికి ఎంత ధనము అను విషయమున అధికారులలో అభిప్రాయభేదముండెను. పుస్తకములలో చెప్పినట్లు ఎవరును లాభనష్టములను తూచుటలేదని అతడు గమనించెను. ఆ ఆశ్చర్యమే అతని జీవితకాల పరిశోధనకు బీజమైనది.

1955, 1956 సంవత్సరములలో ప్రకటించిన రెండు వ్యాసములలో సైమన్ తన సిద్ధాంతమును వివరించెను. మనుష్యుని జ్ఞాపకశక్తికి, లెక్కించు శక్తికి, కాలమునకు హద్దులున్నవి. కావున అతడు అత్యుత్తమమైన దానికొఱకు వెదకడు. ఇంత యుండిన చాలునని ఒక మట్టము పెట్టుకొని, దానిని అందుకొన్న మొదటి వస్తువును తీసికొని వెదకుట మానును. పెండ్లి సంబంధములు చూచువారు దేశమునందలి వరుల నందఱిని పరీక్షించి నిర్ణయింతురా? చదువు, కుటుంబము, ఊరు తమకు సరిపడిన సంబంధము దొరికినచో అచ్చటనే ఆగుదురు. సైమన్ చెప్పినదియు ఇట్టిదే. దీనిని మనము చాలునను పద్ధతి యందము. 1978 లో సైమన్‌కు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

మనస్తత్త్వ శాస్త్రము సైమన్ మాటను బలపఱచినది. 1956 లోనే జార్జి మిల్లర్, మనుష్యుడు ఒకసారిగా మనస్సున నిలుపుకొనగల అంశములు సుమారు ఏడని వ్రాసెను. 2001 లో నెల్సన్ కోవన్ ఈ సంఖ్యను సుమారు నాలుగునకు తగ్గించెను. ఫ్రాంక్లిన్‌కు కాగితమెందుకు కావలసివచ్చెనో దీనివలన తెలియుచున్నది.

కోడిగ్రుడ్లును అక్రోటు కాయయు

1972 లో అమాస్ ట్వెర్‌స్కీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఏరివేత పద్ధతిని గణిత రూపమున వర్ణించెను. ఒక ముఖ్యగుణమును తీసికొని, అది లేని వస్తువులనన్నిటిని ఏరివేయుట; పిదప రెండవ గుణమును తీసికొని మరల ఏరివేయుట; ఒక్కటి మిగులువఱకు ఇట్లు చేయుట. బియ్యములోని రాళ్లను, వడ్లను, నూకలను వరుసగా ఏరివేయుట వంటిది.

ఈ పద్ధతియందలి యపాయమును చూపుటకు ట్వెర్‌స్కీ ఒక టెలివిజను ప్రకటనను ఉదాహరించెను. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున కంప్యూటరు విద్య నేర్పు సంస్థలు రెండు డజన్లకు పైగా నున్నవి. ప్రకటనకర్త బల్లపై ఆ సంస్థలకు గుర్తుగా సుమారు రెండు డజన్ల కోడిగ్రుడ్లను, ఒక అక్రోటు కాయను ఉంచును. శిక్షణకు తగిన యంత్రములు ఎన్ని సంస్థలకున్నవని యడిగి కొన్ని గ్రుడ్లను తీసివేయును. ఉద్యోగము చూపునవి ఎన్ని యని యడిగి మఱికొన్నిటిని తీసివేయును. ఇట్లు ప్రశ్నించుచు పోగా చివరకు అక్రోటు కాయ ఒక్కటియే మిగులును. దానిని పగులగొట్టినచో ప్రకటన యిచ్చిన సంస్థ పేరు కనబడును!

ఇందు అబద్ధమేమియు చెప్పనక్కఱలేదు. ప్రతి ప్రశ్నయు న్యాయమైనదిగనే తోచును. కాని ఏ ప్రశ్నలడుగవలెనో, ఏ ప్రశ్నల నడుగరాదో నిర్ణయించినవాడు అమ్మువాడు. రుసుము ఎంత యని యడిగియుండినచో మొదటనే పగిలినది అక్రోటు కాయయే కావచ్చును. ప్రశ్నల వరుస ఎవని చేతిలో నున్నదో నిర్ణయము వాని చేతిలో నున్నది.

కొనువారిని గమనించిన పరిశోధనలు

సిద్ధాంతములను పరీక్షింపవలెను గదా. 1976 లో జాన్ పేన్ ఒక యుక్తి పన్నెను. అద్దెకు దొరకు ఇండ్ల వివరములను కార్డులపై వ్రాయించి, బల్లపై కవరులలో నుంచెను. పరీక్షకు వచ్చినవారు ఏ కవరును ఎపుడు తెఱచుచున్నారో వ్రాసికొనెను. ఎన్నుకొనవలసిన ఇండ్లు రెండే యైనపుడు జనులు రెండింటి గుణములను చక్కగా సరిపోల్చిరి. ఇండ్లు ఆఱు, పండ్రెండు అయినపుడు ఒకటి రెండు గుణములను చూచి పెక్కిండ్లను ఏరివేసి, మిగిలినవానిని మాత్రము శ్రద్ధగా పోల్చిరి. అనగా ఒకే మనుష్యుడు మొదట గీటురాయిని, పిదప త్రాసును వాడుచున్నాడు. పని యెట్టిదో పనిముట్టు అట్టిది.

నిజమైన అంగళ్లలో సంగతి యేమి? 1984 లో వేన్ హోయర్ అమెరికాలో బట్టల సబ్బుపొడి కొనువారిని వారికి తెలియకుండ గమనించి ఒక వ్యాసము ప్రకటించెను. వస్తువునెన్నుకొనుటకు వారికి పట్టిన కాలము సగటున సుమారు 13 సెకండులు. వారిలో అధిక సంఖ్యాకులు ఒక్క పెట్టెను మాత్రమే చూచి తీసికొనిరి. 1990 లో డిక్‌సన్, సాయర్ అనువారు ప్రకటించిన పరిశోధనలో, బండిలో వస్తువును వేసికొన్న మఱుక్షణమే దాని ధరను సరిగా చెప్పగలిగినవారు సగముకంటె తక్కువ.

దగ్గర త్రోవలన్నియు తప్పు త్రోవలా?

ఈ ఫలితములను చూచి జనులు మూఢులని తలచుట సులభము. డానియెల్ కానెమన్, ట్వెర్‌స్కీలు 1974 లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, దగ్గర త్రోవలు సాధారణముగా ఉపయోగకరములే యైనను, కొన్ని సందర్భములలో ఒకే విధమైన పొరపాట్లకు దారితీయునని చూపిరి. అట్టి పొరపాటునకు ఒక నిదర్శనమును 1982 లో హ్యూబర్, పేన్, పూటో అనువారు కనుగొనిరి. పైని సైకిళ్లతో చెప్పుదము. ఖ, గ లలో ఏది కొనవలెనో తోచక యున్నవానికి, ఖ వలెనే యుండి అన్నిటను ఖ కంటె కొంచెము హీనమైన మూడవ సైకిలును చూపినచో, అతడు ఖ వైపు మొగ్గును. ఆ మూడవ దానిని ఎవరును కొనరు. ఖ ను మెఱిపించుటయే దాని పని. అంగళ్లవారు దీనిని బాగుగ నెఱుగుదురు.

అయితే మఱియొక పక్షముగూడ నున్నది. 1979 లో రాబిన్ డాస్, సరియైన గుణములను ఎంచుకొన్నచో బరువులన్నిటిని సమానముగా తీసికొన్నను అంచనా పెద్దగా చెడదని చూపెను. పై లెక్కలో ఊరక కూడినవానికి గ సైకిలు వచ్చినది; త్రాసు లెక్కతో పోల్చినచో అతని నష్టము 3 మార్కులు మాత్రమే. 1996 లో గెర్డ్ గిగరెంజర్, డానియెల్ గోల్డ్‌స్టైన్ అనువారు జర్మను నగరముల జంటలలో ఏది పెద్దదో చెప్పు పరీక్షలో, మిక్కిలి మంచి గుర్తు ఒక్కదానితో తేల్చు పద్ధతి అన్ని గుర్తులను గుణించి కూడు గణిత పద్ధతికి తీసిపోలేదని చూపిరి. పేన్, బెట్‌మన్, జాన్సన్ అనువారు 1993 లో తమ గ్రంథమున ఈ విషయమునే శ్రమ, ఖచ్చితత్వము అను రెండు మాటలలో సమన్వయించిరి. మనుష్యుడు పనిని బట్టి, కాలమును బట్టి, నష్టపోవు మొత్తమును బట్టి పద్ధతిని మార్చుకొనుచున్నాడు. ఉప్పు పొట్లమునకు త్రాసు పట్టినవాడు వివేకి గాడు. ఇంటి స్థలమునకు గీటురాయి పట్టినవాడును వివేకి గాడు.

సైమన్ దీనినే కత్తెరతో పోల్చెను. కత్తెరకు రెండు అలుగులున్నవి. ఒకటి మనుష్యుని మనశ్శక్తి, రెండవది అతని చుట్టునున్న పరిస్థితి. ఒక అలుగును మాత్రము చూచి కత్తెర ఎట్లు కోయునో చెప్పజాలము. గుర్తును చూచి కొనుట మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు సమాధానము కొనువాని తలలో మాత్రమే లేదు. ఆ గుర్తు ఎంత నిజమైనదో అందు గూడ నున్నది.

గీటురాయిని కాపాడునదెవరు?

ఈ రెండవ అలుగును గూర్చి యోచించినవారిలో జార్జి ఏకర్లాఫ్ ముఖ్యుడు. 1970 లో ప్రకటించిన వ్యాసమున అతడు పాత మోటారు కార్ల విపణిని ఉదాహరణగా తీసికొనెను. కారు మంచిదో చెడ్డదో అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కావున కొనువాడు మధ్యస్థమైన ధర మాత్రమే ఇచ్చును. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడు. ఇట్లు నాసి సరకు మంచి సరకును విపణినుండి వెడలగొట్టును. ఏకర్లాఫ్ 1967–68 లో భారతదేశమున నుండి పనిచేసెను. మన యిల్లాండ్రు బజారు బియ్యమునుండి, బుద్ధిపూర్వకముగా కలిపిన బియ్యపు రంగు రాళ్లను ఏరుకొనవలసి వచ్చుటను ఆ వ్యాసముననే పేర్కొనెను. 2001 లో నోబెల్ బహుమానమును పొందిన మువ్వురిలో ఇతడొకడు.

చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుట త్రాసు పద్ధతికి చెందిన శ్రమ. విశ్వాసపాత్రమైన ముద్ర యొకటి యుండినచో ఆ శ్రమ తప్పును. అందువలననే ముద్రల చరిత్ర చాల పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రమున గీటురాయి పరీక్ష మాత్రమే గాక, గీటు వేయునపుడు చేయు మోసములును చెప్పబడినవి. ఇంగ్లండులో 1300 వ సంవత్సరపు శాసనము వెండి వస్తువులకు చిఱుతపులి తల ముద్రను విధించినది. 1478 నుండి లండను స్వర్ణకారుల హాలులో పరీక్షించి ముద్ర వేయసాగిరి. హాల్‌మార్కు అను పేరునకు మూలమిదియే.

మన దేశమున వ్యవసాయోత్పత్తుల వర్గీకరణమునకు 1937 లో చట్టము వచ్చినది. అగ్‌మార్కు దానినుండి పుట్టినది. 1947 లో భారత ప్రమాణముల సంస్థ ఏర్పడినది. 1952 చట్టముతో ఐ.ఎస్.ఐ. గుర్తునకు అధికారము కలిగినది. ఆ సంస్థయే 1987 లో భారతీయ ప్రమాణముల బ్యూరోగా మారినది. బంగారమునకు హాల్‌మార్కు 2000 లో ఆరంభమై, 2021 జూను నుండి జిల్లాలవారీగా తప్పనిసరి యగుచు వచ్చినది. విద్యుత్ పరికరములకు నక్షత్రముల చీటీ 2006 లో వచ్చినది. వంట నూనె డబ్బాపై ఒక గుర్తు, ఇస్త్రీపెట్టెపై ఒక గుర్తు, శీతలయంత్రముపై నక్షత్రములు, తినుబండారముపై ఆకుపచ్చ చుక్క. వీనిలో పెక్కు ప్రయోగశాలలో త్రాసుతో చేసిన పరీక్షలను కొనువానికి గీటురాయిగా మార్చి యిచ్చునవే. వేయిమంది వేయిమార్లు చేయవలసిన పరీక్షను ఒకచోట ఒకమారు చేసి, దాని ఫలితమును చిన్న గుర్తుగా అందించుట గొప్ప సాంఘిక సాధనము.

కాని గుర్తు చెప్పునది ఎంతవఱకో తెలిసికొనవలెను. నక్షత్రములు విద్యుత్తు పొదుపును చెప్పును. యంత్రము ఎంతకాలము మన్నునో చెప్పవు. ప్రమాణములను కాలానుసారము హెచ్చించుచుందురు. కావున ఒకనాటి అయిదు నక్షత్రములు మఱియొకనాటి అయిదు నక్షత్రములకు సమానము గావు. చీటీపై నున్న కాలమును గూడ చదువవలెను. ఆకుపచ్చ చుక్క అది శాకాహారమని మాత్రమే తెలుపును. ఆరోగ్యమునకు మంచిదని తెలుపదు. ఇక ఎక్కువ ధరయే మంచి సరకునకు గుర్తని నమ్ముట ఎవరును పరీక్షింపని గీటురాయిని వాడుటయే. 1985 లో ఐటన్ గెర్‌స్ట్నర్ అనేక వస్తువుల పరీక్షా ఫలితములను ధరలతో పోల్చి, ధరకును నాణ్యతకును గల సంబంధము సామాన్యముగా బలహీనమని చూపెను.

కొనువారికి పాఠము

ఈ చరిత్రనుండి విద్యార్థులు మూడు ప్రశ్నలు నేర్చుకొనవచ్చును. మొదటిది: పొరపాటు జరిగినచో నష్టమెంత? స్వల్పమైనచో దగ్గర త్రోవ చాలును. అధికమైనచో ఫ్రాంక్లిన్ కాగితమును తీయవలెను. రెండవది: ఏ గుణములను చూడవలెనో, ఏ వరుసలో చూడవలెనో నిర్ణయించినది నేనా, అమ్మువాడా? అంగడికి పోవుటకు ముందే తనకు కావలసిన గుణములను రెండు మూడు వ్రాసికొన్నవానిని అక్రోటు కాయతో మభ్యపెట్టుట కష్టము. మూడవది: నేను నమ్ముచున్న గుర్తును ఎవరు వేసిరి, ఏమి పరీక్షించి వేసిరి, తప్పుడు ముద్ర వేసినవానిని అడుగువారున్నారా?

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. అయిదు రకముల కలముల వివరములను కార్డులపై వ్రాసి, బోర్లించి పెట్టి, విద్యార్థులు ఏ కార్డులను ఏ వరుసలో త్రిప్పుదురో వ్రాసికొనవలెను. తరువాత కలములను రెండునకు తగ్గించి మరల చేయవలెను. పేన్ కనుగొన్న మార్పు తమ తరగతిలో కనబడునో లేదో విద్యార్థులే చూతురు.

వంకాయను నొక్కి చూచువాడును, ఉప్పు పొట్లమును చూడక తీసికొనువాడును, బంగారముపై ముద్ర నడుగువాడును ఒకడే యని మొదట చెప్పితిమి. మూడు చోట్లను అతడు వివేకముగనే నడచుకొనుచున్నాడు. వంకాయ తన కథను తానే చెప్పుకొనును. ఉప్పులో నష్టము స్వల్పము. బంగారము విషయమున కన్ను చాలదు. కాని మూడవచోట అతని వివేకమంతయు ఆ చిన్న ముద్రపై నాధారపడియున్నది. ముద్ర నిజమైనంతకాలము దగ్గర త్రోవ మంచి త్రోవ. దానిని నిజముగా నుంచుట పరీక్షించువాని విధి. అది నిజమో కాదో యడుగుచుండుట కొనువాని విధి.